ల్యాబు వదిలి బళ్లో సైన్సు చెప్పాలంటే: ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

“సార్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఆరేళ్లుగా ఫార్మా ఆర్ అండ్ డీలో ఉన్నాను. బళ్లో సైన్సు చెప్పాలని ఉంది. నా అనుభవం పనికొస్తుందా? బీఈడీ తప్పదా?”

ఏటా మార్చి వచ్చేసరికి ఈ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వస్తుంది. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేసి పోస్ట్‌డాక్‌కి వెళ్లాలని లేనివాళ్లు అడుగుతారు. ప్రాజెక్టు అసిస్టెంటుగా ఏడాదికోసారి పొడిగింపు కోసం ఎదురుచూసి విసిగినవాళ్లు అడుగుతారు. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో షిఫ్టుల్లో నలిగేవాళ్లు అడుగుతారు. నేనూ ఆ దారినే వచ్చినవాణ్ని. ఏడేళ్లు ల్యాబులో ఫ్యూమ్‌హుడ్ (హానికర ఆవిర్లను బయటకు లాగేసే అర) ముందు నిలబడ్డాను. ఇప్పుడు ఎనిమిది నుంచి పది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పినదంతా వరసగా రాసి పెడుతున్నాను.

పదో తరగతి సిలబస్ బాగా చెప్పగల టీచర్లు బళ్లలో ఇప్పటికే ఉన్నారు. మీ దగ్గర అదనంగా ఉన్నది తెలియనిదాన్ని చేసి చూసి తేల్చుకునే అలవాటు. దాన్ని పిల్లలకు అంటించగలిగితే మీరు వెళ్లినందుకు ఫలితం ఉంటుంది. కింద రాసిన కాగితాల పనంతా మిమ్మల్ని క్లాసు గది గుమ్మం దాటించడానికే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిగ్రీ మార్కుల మెమోలు, అన్ని సెమిస్టర్లవీ. ఏయే సబ్జెక్టులు చదివారో వాటిలో కనిపించాలి.
- ఒకటి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు. ప్రభుత్వ పోస్టుల్లో మీరు ఏ జిల్లాకు స్థానికులో తేల్చేవి ఇవే. ఊళ్లు మారి చదివినవాళ్లు ఇప్పుడే తెచ్చుకోవడం మొదలుపెట్టండి.
- వర్తించేవాళ్లకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు.
- ప్రస్తుత సంస్థ నుంచి రిలీవింగ్ లెటరు. ఫెలోషిప్‌లో ఉన్నవాళ్లకు నో డ్యూస్.
- ఆరు నుంచి పది తరగతుల సైన్సు పుస్తకాలు, మీరు చెప్పబోయే రాష్ట్రానివి.
- బీఈడీ చేసే రెండేళ్లు ఇల్లు ఎలా గడుస్తుందో ఇంట్లోవాళ్లతో కూర్చుని వేసుకున్న లెక్క.

ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. చదువు మధ్యలో మానేసి మళ్లీ ల్యాబుకు వెళ్లినవాళ్లలో నాకు తెలిసినవాళ్లంతా డబ్బు దగ్గరే ఆగిపోయారు.

1. రాజీనామా చేయకముందే నాలుగు ఆదివారాలు పిల్లల మధ్య గడపండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. దగ్గర్లోని ప్రభుత్వ బడి హెడ్‌మాస్టరును కలిసి అడగండి, లేదా వెల్ఫేర్ హాస్టల్ వార్డెన్‌ను. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు పిల్లలకు చెకుముకి సైన్సు కార్యక్రమాలు చేసే ఊళ్లో ఉంటే వాళ్లతో కలవండి. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు పది మంది చాలు. నాలుగు వారాలూ అదే పది మంది కావాలి. ఒక్కరోజు వెళ్లి చప్పట్లు కొట్టించుకుని రావడం పరీక్ష కాదు. మూడో వారం వాళ్లు మీకు అలవాటైపోయి అల్లరి మొదలుపెట్టాక మీకు ఎలా అనిపిస్తుందో చూసుకోవాలి.

నా మొదటి ఆదివారం మా వీధి చివరి బడి వరండాలో. పదకొండు మంది వచ్చారు. కాగితానికి పసుపు పట్టించి ఆరబెట్టి తీసుకెళ్లాను. సున్నపు తేట ఒక చుక్క వేయగానే ఎర్రబడింది. ఇక కర్క్యుమిన్ గురించి, పీహెచ్ గురించి పన్నెండు నిమిషాలు ఆపకుండా చెప్పాను. వెనక కూర్చున్న ఏడో తరగతి పిల్ల “దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా ఇంతేనా సార్?” అంది. “ఆఁ, అదే” అని నా మాట నేను కొనసాగించాను. ఆ గంట మొత్తంలో సైన్సు అనదగ్గది ఆ పిల్ల ప్రశ్న ఒక్కటేనని ఇంటికొచ్చాక తెలిసింది.

మరుసటి ఆదివారం గిన్నెలో ఎర్రనీళ్లు కలిపి ఆ పిల్ల ముందే పెట్టాను. “దీన్ని మళ్లీ పసుపుపచ్చగా చేయొచ్చా?” అని అడిగి ఊరుకున్నాను. ఉప్పు వేశారు. పంచదార వేశారు. ఒకడు ఇంటికి పరుగెత్తి చింతపండు తెచ్చాడు. చింతపండు రసం పడ్డచోట ఎరుపు విరిగి పసుపు తేలింది. తరువాత నిమ్మకాయ వచ్చింది, పుల్ల మజ్జిగ వచ్చింది. ఆమ్లం అన్న మాట నేను గంట చివర్లో, బోర్డు మీద ఒక్కసారే రాశాను.

చూసుకోవాల్సింది: నాలుగో ఆదివారం సాయంత్రం, “వచ్చేవారం ఏం చేద్దాం” అన్న ఆలోచన మీ అంతట మీకే వస్తోందా? వస్తే రెండో మెట్టుకు వెళ్లండి. మీ పాఠం మీకు నచ్చి, పిల్లలు విసుగ్గా అనిపిస్తే కాలేజీ లెక్చరర్ పోస్టుల వైపు ఆలోచించండి. అదీ మంచి పనే, కాకపోతే దారి వేరు.

2. మీ డిగ్రీ ఏ పోస్టుకు సరిపోతుందో తేల్చుకోండి

పరిశోధకులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్రభుత్వ టీచర్ల నియామకం డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటు (హైస్కూలు సబ్జెక్టు టీచరు) పోస్టుకు మీ పీహెచ్‌డీని చూడరు. డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారు, బీఈడీలో ఏ మెథడాలజీ (ఏ సబ్జెక్టు బోధన) తీసుకున్నారు, ఈ రెండే చూస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హైస్కూలు సైన్సు రెండు పోస్టులుగా ఉంటుంది: ఫిజికల్ సైన్స్, బయలాజికల్ సైన్స్. ఫిజిక్సు, కెమిస్ట్రీతో డిగ్రీ చేసినవాళ్లకు మొదటిది, బాటనీ, జువాలజీ చదివినవాళ్లకు రెండోది నేరుగా సరిపోతుంది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జెనెటిక్స్‌తో డిగ్రీ చేసినవాళ్లు, ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ వాళ్లు, ఫార్మసీ వాళ్లు మాత్రం ఆగి చూసుకోవాలి. గత డీఎస్సీ నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక తీసి, మీ మెమోలో ఉన్న సబ్జెక్టు పేర్లను అక్షరం అక్షరం పోల్చండి. “దాదాపు అదే సబ్జెక్టు కదా” అనుకోకండి. సర్టిఫికెట్ల పరిశీలన రోజు దాదాపు అన్న మాట నడవదు.

కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ (11, 12 తరగతుల టీచరు) పోస్టుకు సంబంధిత ఎమ్మెస్సీలో 50 శాతం మార్కులు, బీఈడీ ఉండాలి. వయసు 40 దాటకూడదు. టీజీటీకి (హైస్కూలు టీచరుకు) 35, దానికి కేంద్ర టీచరు అర్హత పరీక్ష సీటెట్ రెండో పేపరు కూడా కావాలి. రిజర్వేషన్లను బట్టి సడలింపులుంటాయి. రాష్ట్ర డీఎస్సీల్లో వయసు ఇంకాస్త ఉదారం: తెలంగాణ 2024లో 46 దాకా, ఆంధ్రప్రదేశ్ 2025లో 44 దాకా ఇచ్చాయి. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఆలోచిస్తున్నవాళ్లు బీఈడీకి పోయే రెండేళ్లు కూడా కలిపి లెక్క వేసుకోండి.

3. బీఈడీలో చేరండి, దగ్గరి దారులు వెతకొద్దు

2015 నుంచి బీఈడీ రెండేళ్ల కోర్సు. డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 శాతం మార్కులుంటే బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయొచ్చు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంది. పీజీ చేసినవాళ్లకు ఏడాది బీఈడీ అన్న మాట 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. దాన్ని నమ్ముకుని రెండేళ్ల కోర్సు వాయిదా వేయకండి. మీరు చేరే రోజున ఏ కాలేజీకి దేనికి గుర్తింపు ఉందో అదే లెక్క.

హెచ్చరికలు మూడు.

మొదటిది, దూరవిద్య బీఈడీ మీకోసం కాదు. అది ప్రధానంగా ఇప్పటికే శిక్షణ పొంది పనిచేస్తున్న టీచర్లకు ఉద్దేశించింది. “ఉద్యోగం మానకుండా ఇప్పిస్తాం” అని ఎవరైనా ఫీజు అడిగితే అర్హత నిబంధన కాగితం మీద చూపించమనండి.

రెండోది, అడ్మిషన్ రోజు హడావిడిలో మెథడాలజీ తప్పుగా పడకుండా చూసుకోండి. నాతో చదివిన ఒకామె బయాలజీ మనిషి. సీటు ఖాళీగా ఉందని కాలేజీవాళ్లు వేరే మెథడాలజీలో వేశారు. రెండేళ్ల తరువాత ఆమె అనుకున్న పోస్టుకు అర్హత లేకుండా పోయింది.

మూడోది, “క్లాసులకు రానక్కర్లేదు” అనే కాలేజీకి వెళ్లకండి. బీఈడీలో మీకు నిజంగా కావాల్సింది బడిలో గడిపే ఇరవై వారాల ఇంటర్న్‌షిప్పే. నిజమైన క్లాసు ముందు నిలబడి తప్పులు చేస్తుంటే, వెనక కూర్చున్న అనుభవజ్ఞుడు వాటిని రాసి చేతిలో పెడతాడు. ఉద్యోగంలో చేరాక ఆ అవకాశం మళ్లీ రాదు.

4. టెట్ రాయండి

టెట్ అంటే టీచరు అర్హత పరీక్ష. అందులో రెండో పేపరు మీది. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. జనరల్ వాళ్లకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే అర్హత. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. కానీ మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు, పెంచుకోవాలి కూడా, ఎందుకంటే డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది.

సైన్సువాళ్లు సైన్సులో పోగొట్టుకునేది తక్కువ. శిశు వికాసం 30 మార్కులు, రెండు భాషలకు 60, మిగిలిన 60 గణితం, సైన్సు కలిపి. బయాలజీవాళ్లకు గణితం అడ్డం పడుతుంది. అందరికీ అడ్డం పడేది తెలుగు వ్యాకరణం. సంధులు, సమాసాలు, ఛందస్సు రోజుకు అరగంట చొప్పున రెండు నెలలు చదవండి.

5. ఉద్యోగం: ఒక్క దారి మీదే కూర్చోవద్దు

డీఎస్సీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. తెలంగాణ 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్ 2025లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చాయి. ఆ ముందు ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లున్నారు. స్కూల్ అసిస్టెంటు రాతపరీక్ష 80 మార్కులకు, 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు. గురుకులాల నియామకాలు వేరుగా జరుగుతాయి. ఎదురుచూసే కాలంలో ప్రైవేటు బడిలో చేరి క్లాసు అలవాటు చేసుకోండి. వాళ్లు మార్చి నుంచి మే మధ్య తీసుకుంటారు, జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచేనాటికి ఖాళీలు నిండిపోతాయి.

ప్రైవేటు బడిలో చేరేటప్పుడు ఈ మూడూ నోటిమాటగా కాకుండా రాతలో అడగండి: జీతం పన్నెండు నెలలా, పది నెలలా? వారానికి ఎన్ని పీరియడ్లు? అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నేను చేరిన మొదటి బడి నా డిగ్రీ సర్టిఫికెట్ “సేఫ్‌గా ఉంచుతాం” అని తీసుకుని, మానేస్తానన్నప్పుడు నాలుగు నెలలు తిప్పింది. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, అక్కడితో ఆపండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. ఇంగ్లండులో డిగ్రీ తరువాత ఏడాది పీజీసీఈ అనే టీచరు శిక్షణ కోర్సుతో టీచరు అర్హత తెచ్చుకోవచ్చు. అమెరికాలో లైసెన్సు రాష్ట్రానికో తీరు. పనిచేస్తూ అర్హత పొందే మార్గాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి గానీ, వీసా సంగతి ముందు తేల్చుకోండి.

6. బడి తెలుగు నేర్చుకోండి

ల్యాబులో వేలసార్లు ప్రెసిపిటేట్ వడగట్టాను. ఒక పిల్లవాడు “సార్, అవక్షేపం ఏ రంగులో వస్తుంది?” అంటే ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇప్పుడు చాలా బళ్లు ఇంగ్లీషు మాధ్యమానికి మారాయి, పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. అయినా పిల్లలు ఆలోచించేది తెలుగులోనే. ఆ రెండు పేజీలూ పక్కపక్కనే చదువుతూ ఒక నోటుబుక్కు పెట్టండి. వడి (స్పీడు) వేరు, వేగం (వెలాసిటీ) వేరు. ద్రవ్యరాశి వేరు, భారం వేరు. ఆక్సీకరణం, క్షయకరణం, ఉత్ప్రేరకం, పుటాకారం, కుంభాకారం, పత్రహరితం. వేగం అన్న మాటను బయట అందరూ వడికి బదులు వాడతారు కాబట్టి, తేడా చెప్పకుండా పాఠంలోకి వెళితే మీరొకటి చెబుతారు, వాళ్లొకటి వింటారు.

7. డెమో క్లాసు

సాధారణంగా పదిహేను, ఇరవై నిమిషాలు ఇస్తారు. ఎదురుగా పిల్లలుండొచ్చు, లేదా ప్రిన్సిపాలూ ఇద్దరు టీచర్లూ పిల్లల్లా కూర్చోవచ్చు. మీ పరిశోధన గురించి ఒక్క వాక్యం చాలు. ఒకే భావన తీసుకోండి. మొదటి రెండు నిమిషాల్లో ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు, కాస్త వైరు పట్టుకెళ్లండి. బల్బులను ఒకదాని వెనక ఒకటి కలపబోతూ, ఇంకా కలపకుండానే, “ఏది ఎక్కువ వెలుగుతుంది?” అని చేతులెత్తించండి. సెల్లుకు దగ్గరున్నదేనని చాలామంది అంటారు, కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోతుందని వాళ్ల నమ్మకం. అప్పుడు కలపండి. రెండూ ఒకేలా వెలుగుతాయి. ఎందుకో వాళ్లనే అడిగి, జవాబు కోసం పది సెకన్లు మౌనంగా ఆగండి. ఆ పది సెకన్లు నిలబడగలగడమే డెమోలో కష్టమైన పని. ఎల్ఈడీలతో ఈ ప్రయోగం చేయకండి, కుదరదు. రెండు బల్బులూ ఒకే రకానివి, కొత్తవి కావాలి. ఇంట్లో మూడుసార్లు చేసి చూసుకుని వెళ్లండి.

8. ల్యాబు లేని బళ్లో ప్రయోగాలు

“మా బళ్లో ల్యాబే లేదు” అని చేరిన నెలకే డీలాపడిపోతారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బళ్లతో సైన్సు బోధన కార్యక్రమం మొదలైనప్పుడు కూడా ల్యాబుల్లేవు. దాన్ని నడిపినవాళ్లలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌ను వదిలి వచ్చిన అనిల్ సద్గోపాల్ ఉన్నారు. చుట్టుపక్కల దొరికే వస్తువులతో కిట్లు కట్టారు, పరీక్ష పుస్తకం తెరిచి రాయనిచ్చారు. అది 2002 దాకా నడిచింది. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివిన అరవింద్ గుప్తా 1978లో అక్కడికి వెళ్లి, అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆయన బొమ్మలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన దగ్గర కుప్పంలో, పిల్లలకు చేతులతో చేసే సైన్సు నేర్పే అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. ఒక్కసారి వెళ్లి చూసి రండి, చేతులు ఊరుకోవు.

నా అట్టపెట్టెలో ఉండేవి: అయస్కాంతాలు, సిరంజిలు, సెలైన్ పైపు, బెలూన్లు, సెల్లులు, బల్బులు, కొవ్వొత్తులు, వంటసోడా, నిమ్మకాయలు, పసుపు, ఎండిన మందార రేకులు. వేడినీళ్లలో నానబెట్టిన మందార రసం ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ అవుతుంది. బయాలజీవాళ్లకు కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ బాగా ఉపయోగపడుతుంది.

జాగ్రత్త విషయంలో మాత్రం ల్యాబు మనుషులుగా మనమే ఎక్కువ ప్రమాదం తెస్తాం. గాఢ ఆమ్లాలు మనకు అలవాటైపోయాయి, పిల్లలకు కావు. బళ్లో ఫ్యూమ్‌హుడ్ లేదు, కళ్లు కడిగే కుళాయి లేదు. గాఢ ఆమ్లం, సోడియం పిల్లల చేతికి ఇవ్వకండి. ఆమ్లం పలుచన చేయాల్సి వస్తే ముందురోజే మీరే చేయండి, నీళ్లలోకి ఆమ్లం, కొద్దికొద్దిగా. పొడి సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, అది ఇవ్వకుండా తేరిన నీళ్లే ఇవ్వండి. కొవ్వొత్తి వెలిగించే ముందు జడలు వెనక్కి, చున్నీలు ముడి. పక్కన బకెట్టు నీళ్లు. ఏ ప్రయోగమైనా ఆ గదిలో, ఆ సామాన్లతోనే ముందు మీరు చేసి చూడాలి.

తరచూ జరిగే పొరపాట్లు

ఎక్కువ చెప్పడం. ఏడో తరగతికి పరమాణు ఆర్బిటాళ్లు చెప్పినవాళ్లను చూశాను. అడిగిన పిల్లవాడికి విడిగా చెప్పండి, క్లాసుకు వద్దు.

“తెలియదు” అనడానికి భయపడటం. “నాకూ తెలియదు, రేపు చూసి చెబుతా” అని రేపు నిజంగా చెప్పిన టీచరును పిల్లలు నమ్ముతారు.

పక్క టీచర్లను తక్కువగా చూడటం. పదిహేనేళ్లు పదో తరగతి చెప్పిన టీచరుకు ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పిపోతారో తెలుసు. మొదటి ఏడాది ఆమె క్లాసులో వెనక బెంచీ మీద వారానికి ఒక పీరియడ్ కూర్చోండి.

సిలబస్ వెనకబడటం. ప్రయోగం బాగుందని రెండు వారాలు లాగితే, పరీక్షలో నష్టపోయేది పిల్లలే. పాఠానికి ఒక్క ప్రయోగం, అది పాఠం మొదట్లోనే.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

నెలకోసారి ఫోను బల్ల మీద పెట్టి ఒక పీరియడ్ రికార్డు చేయండి. బయటకు పంపకండి, మీరు మాత్రమే వినండి. నలభై నిమిషాల్లో పిల్లల గొంతు ఎన్ని నిమిషాలుందో లెక్కపెట్టండి. నా మొదటి రికార్డింగులో మూడు నిమిషాలు. ఏడాది చివరికి పదమూడు.

పీరియడ్ చివర చిన్న చీటీ మీద ఒక్కటి రాయించండి: “ఇవాళ అర్థం కానిది.” పేరు వద్దు. ఒకే మాట ఐదు చీటీల్లో కనిపిస్తే రేపటి పాఠం అక్కణ్నుంచే.

పాఠం అయ్యాక పుస్తకంలో లేని ప్రశ్న వేయండి. కిరణజన్య సంయోగక్రియ చెప్పాక, “బడి వెనక ఉన్న వేపచెట్టు బరువంతా ఎక్కణ్నుంచి వచ్చింది?” అని అడగండి. నిర్వచనం గడగడా అప్పజెప్పినవాళ్లే “మట్టి నుంచి” అంటారు. అన్నారంటే పాఠం ఇంకా దిగలేదు. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ తొట్టిలో విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు డెబ్బై కిలోలకు పైగా పెరిగినా మట్టి తగ్గింది అరవై గ్రాముల లోపే. ఆ లెక్క బోర్డు మీద వేసి మళ్లీ అడగండి. ఆయన బరువంతా నీళ్లదే అనుకున్నాడు. అదీ పూర్తి జవాబు కాదని, గాలి సంగతి మర్చిపోయాడని వాళ్లే కనిపెట్టేదాకా ఆగండి.

మూడో నెలాఖరుకు మీ డైరీలో ఒక విషయం వెతకండి: ఎవరైనా పిల్ల ఇంటి నుంచి ఏదో ఒకటి తెచ్చి, “సార్, ఇదీ వేసి చూద్దామా?” అని అడిగిందా? అడిగితే తేదీ వేసి రాసుకోండి. ఆ ఆలోచన కాస్త బలంగా ఉంటే హెడ్‌మాస్టరు ద్వారా, బడిపిల్లల కొత్త ఆలోచనలకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు పంపండి. ఎంపికైతే నమూనా తయారీకి పిల్లకు పదివేల రూపాయలు వస్తాయి. ఎవరూ అడగలేదంటే, వచ్చే పాఠంలో మీరు చేసి చూపించే ప్రయోగం ఒకటి తీసేసి, సామాన్లు వాళ్ల బల్ల మీద పెట్టండి.